లెక్క సరిచూసేవారెవరు?

1990 ఆగస్టు మొదటి వారంలో సింగపూరు నగరం ఒక శాస్త్ర మహాసభకు వేదిక అయింది. ప్రపంచంలోని కణ భౌతిక శాస్త్రజ్ఞులు రెండేళ్ళకొకసారి కలుసుకునే అంతర్జాతీయ ఉన్నతశక్తి భౌతికశాస్త్ర సదస్సుల వరుసలో అది ఇరవై అయిదవది. సదస్సు మొదలైన ఆగస్టు 2వ తేదీననే ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించడంతో లోకం చూపు అటు మళ్ళింది గాని, భౌతికశాస్త్ర చరిత్రలో ఆ వారానికి తనదైన స్థానం ఉంది. అంతకు ఏడాది ముందు, 1989 ఆగస్టులో, జెనీవా సమీపాన సెర్న్ సంస్థ 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల లెప్ యంత్రంలో ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను ఢీకొట్టించడం మొదలుపెట్టింది. ఆ తాకిడిలో పుట్టే జెడ్ అనే కణాన్ని గురించిన తొలి ఏడాది ఫలితాలు సింగపూరులో చర్చకు వచ్చాయి. ప్రకృతిలో తేలికపాటి న్యూట్రినోల జాతులు మూడేనన్న నిర్ధారణ వాటిలో ముఖ్యమైనది.

అప్పటికి టాప్ క్వార్కు అనే కణాన్ని ఎవరూ చూడలేదు. అయినా జెడ్ కణం కొలతలను బట్టి టాప్ క్వార్కు బరువు ఏ పరిధిలో ఉండవచ్చునో సిద్ధాంతవేత్తలు అంచనా వేయగలిగేవారు. 1995లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో ఆ కణం దొరికినప్పుడు దాని బరువు ఆ అంచనాలతో సరిపోయింది. కనబడే కణం నడతలోని అతి స్వల్పమైన తేడాల నుంచి కనబడని కణం బరువును రాబట్టడం చిన్న విషయం కాదు. దాని వెనుక వేలాది పుటల బీజగణితం ఉంది. ఆ బీజగణితంలో అధిక భాగాన్ని చేసినది మనిషి చేయి కాదు, మనిషి రాసిన ప్రోగ్రాము. కణాన్ని కనుగొన్నవారి పేర్లు పాఠ్యపుస్తకాలకెక్కాయి. ప్రోగ్రాములు రాసినవారి పేర్లు ఆ రంగం వెలుపల తెలిసినవారు తక్కువ. ఈ అలక్ష్యం కేవలం మర్యాదకు సంబంధించిన లోపం కాదని, శాస్త్రపు నికరత్వానికే ముప్పు తెచ్చేదని చెప్పడానికి గడచిన డెబ్బై అయిదేళ్ళ చరిత్రలో గట్టి సాక్ష్యం ఉంది.

అసలు ఈ రంగంలో లెక్క అంత భారమెందుకైనదో ముందుగా చూడాలి. రెండు కణాలు తారసపడినప్పుడు ఏమి జరిగే అవకాశం ఎంత అన్నది తేల్చడానికి రిచర్డ్ ఫైన్‌మన్ 1940ల చివర ఒక పద్ధతిని ప్రవేశపెట్టారు. కణాల రాకపోకలను గీతలుగా, వాటి కలయికలను చుక్కలుగా గీస్తారు. ప్రతి బొమ్మకూ ఒక బీజగణిత సమాసం ఉంటుంది. సాధ్యమైన బొమ్మలన్నీ గీసి, వాటి సమాసాలన్నీ కూడితే జవాబు వస్తుంది. బొమ్మ గీయడం పసిపిల్లల ఆట వలె తోస్తుంది. దాని విలువ కట్టడంలోనే చిక్కు. ఎలక్ట్రాన్లున్న ప్రతి బొమ్మలోనూ గామా మాత్రికలనే వాటి గుణకార శ్రేణులు వస్తాయి. అటువంటి 4 మాత్రికల శ్రేణిని విప్పితే 3 పదాలు వస్తాయి. 6 మాత్రికలైతే 15, 8 అయితే 105, 10 అయితే 945, 12 అయితే 10,395 పదాలు. ఇది ఒక్క బొమ్మలోని ఒక్క భాగం మాత్రమే. వాటిలో ఒక్క పదం దగ్గర కూడిక గుర్తు తీసివేత గుర్తుగా మారినా జవాబు మొత్తం చెడుతుంది.

అలా చెడిన జవాబుకు తొలి ఉదాహరణ కంప్యూటర్లకు ముందు కాలానిదే. ఎలక్ట్రాను ఒక చిన్న అయస్కాంతం. దాని బలం తొలి సిద్ధాంతం చెప్పినదానికంటె సుమారు వెయ్యింట ఒక వంతు ఎక్కువని 1948లో జూలియన్ ష్వింగర్ లెక్కగట్టారు. దానికి ఒక బొమ్మ చాలు. ఆ తరువాతి మెట్టుకు 7 బొమ్మలు కావాలి. 1950లో రాబర్ట్ కార్ప్లస్, నార్మన్ క్రోల్ ఆ లెక్క పూర్తిచేసి, ఆ మెట్టు గుణకం -2.973 అని ప్రకటించారు. ఏడేళ్ళపాటు అదే ప్రమాణమైంది. 1957లో పీటర్‌మన్, సోమర్‌ఫీల్డ్ అనే ఇద్దరు వేరువేరుగా మళ్ళీ లెక్కించి అది -0.328 అని తేల్చారు. తేడా తొమ్మిది రెట్లు. ఈ ఉదంతాన్ని ఫైన్‌మన్ 1985లో వెలువడిన తన గ్రంథంలో ప్రస్తావిస్తూ ఒక రహస్యం విప్పారు. లెక్క చేసిన రెండు బృందాలూ స్వతంత్రమైనవని లోకం అనుకుంది గాని, అవి చివరిదశలో తమ కాగితాలను పోల్చి చూసుకుని తేడాలు సర్దుబాటు చేసుకున్నాయట. అంటే ఆ రెండు లెక్కలూ నిజానికి ఒక్కటే.

తెలుగు గ్రామాలలో కరణం ఎంత సమర్థుడైనా ఏటేటా జమాబందీ తప్పేది కాదు. కరణం లెక్కను కరణమే సరిచూసుకుంటే అది సరిచూడడం అనిపించుకోదు. పై అధికారి వచ్చి, వేరే కంటితో చూడవలసిందే. కణ భౌతికశాస్త్రంలో యంత్రగణన చరిత్ర సమస్తమూ ఈ ఒక్క సూత్రానికి వ్యాఖ్యానమని చెప్పవచ్చు.

యంత్రానికి బీజగణితం నేర్పే ప్రయత్నం అనేక చోట్ల సాగింది గాని, దానికి తొలి కూడలి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్. 1963లో హాలండు దేశీయుడైన మార్టినస్ వెల్ట్‌మన్ అక్కడి స్లాక్ ప్రయోగశాలకు వచ్చారు. డబ్ల్యూ కణానికి సంబంధించిన ఒక లెక్క చేస్తూ ఉండగా అది సుమారు 50,000 పదాలకు విస్తరించింది. చేతితో సాధ్యం కాదని గ్రహించి, ఐబీఎం 7094 యంత్రం మీద ఒక ప్రోగ్రాము రాయడానికి పూనుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు నాటికి దాని తొలిరూపం సిద్ధమైంది. దాని పేరు స్కోన్‌స్కిప్. డచ్చి నావికుల పలుకుబడిలో చిందరవందరగా ఉన్నదాన్ని శుభ్రం చేయడమని దాని భావం. డచ్చివారు కానివారి నోటికి ఆ మాట తిరగదని తెలిసే వెల్ట్‌మన్ ఆ పేరు పెట్టారని చెబుతారు.

అదే 1963లో, అదే స్టాన్‌ఫర్డ్‌లో, ఆస్ట్రేలియాకు చెందిన ఆంథొనీ హెర్న్ అనే యువ భౌతికశాస్త్రజ్ఞుడు ఫైన్‌మన్ బొమ్మల లెక్కలతో సతమతమవుతున్నారు. కృత్రిమ మేధకు ఆద్యులలో ఒకరైన జాన్ మెకార్తీ ఆయనకు తాను రూపొందించిన లిస్ప్ భాషను వాడి చూడమని సలహా ఇచ్చారు. ఆ సలహా ఫలితమే రెడ్యూస్ అనే ప్రోగ్రాము. ఇక్కడ తెలుగు పాఠకులు ఒక్క క్షణం ఆగి ఒక సంగతి గమనించాలి. సరిగ్గా ఆ సంవత్సరమే మెకార్తీ వద్ద పరిశోధన చేయడానికి స్టాన్‌ఫర్డ్‌లో అడుగుపెట్టిన మరొక యువకుడు చిత్తూరు జిల్లా శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. ఆయన మార్గం వేరు. యంత్రానికి మనిషి మాట వినడం నేర్పాలన్నది ఆయన సంకల్పం. 1966లో డాక్టరేటు పొంది, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. ఒకే గురువు, ఒకే ప్రాంగణం, ఒకే కాలం. ఒక శాఖ మాట వైపు, మరొకటి బీజగణితం వైపు పెరిగాయి. మాట వినే యంత్రం నేడు ప్రతి ఇంటా ఉన్నది కాబట్టి రాజ్ రెడ్డి పేరు తెలుగువారికి తెలుసు. హెర్న్ పేరు తెలియకపోవడానికి ఆయన కృషి తక్కువది కావడం కారణం కాదు. ఆ కృషి ఇతరుల పరిశోధన పత్రాల అడుగున, పునాదిరాయిలాగా, కంటికి కనబడకుండా ఉండిపోయింది.

వెల్ట్‌మన్ విషయానికి మళ్ళీ వస్తే, ఆయన ప్రోగ్రాము చేసిన అసలు ఘనకార్యం కొన్నేళ్ళ తరువాత జరిగింది. 1971 ప్రాంతంలో ఆయన శిష్యుడు గెరార్డ్ 'ట్ హూఫ్ట్ బలహీన చర్యల సిద్ధాంతంలో అనంతాలను తొలగించే మార్గం కనుగొన్నారు. గురువుకు నమ్మకం కుదరలేదు. శిష్యుడి ఫలితాలను స్కోన్‌స్కిప్‌లో వేసి చూశారు. అనంతాలు ఒకదానినొకటి రద్దు చేసుకున్నాయి. 1999లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. బహుమతి కారణంగా పేర్కొన్న వాక్యంలో ప్రోగ్రాము ఊసు లేదు. అయితే ఆ సందర్భంగా నోబెల్ సంస్థ వెలువరించిన వివరణలో స్కోన్‌స్కిప్‌ను ప్రస్తావించి, శిష్యుడి ఫలితాలను దానితోనే సరిచూశారని తెలిపారు. లెక్క చేసిన సాధనం నోబెల్ చరిత్ర అంచుల దాకా వచ్చి ఆగిన అరుదైన సందర్భమది.

ఎలక్ట్రాను అయస్కాంత బలం లెక్కలో మూడవ మెట్టుకు 72 బొమ్మలు. 1970ల తొలి సంవత్సరాలలో కార్నెగీ మెలన్‌లో మైకేల్ లెవిన్, ఆయన సహచరుడు రైట్ తమ సొంత ప్రోగ్రాముతో దాన్ని ఎదుర్కొన్నారు. కార్నెల్‌లో తోయిచిరో కినోషితా, ప్రెద్రాగ్ స్విటానోవిచ్ మరో దారిన వెళ్ళారు. ఈసారి బృందాలు నిజంగానే వేరు, సాధనాలూ వేరు. 1996లో ఇటలీకి చెందిన లపోర్తా, రెమిద్ది ఆ 72 బొమ్మలకూ ఖచ్చితమైన సూత్రరూపాన్నే సాధించారు. ఆ మెట్టుపై ఇక సందేహం మిగలలేదు.

నాలుగవ మెట్టుకు 891 బొమ్మలు. అయిదవ మెట్టుకు 12,672. ఈ రెండింటికీ జీవితం ధారపోసినవారు కినోషితా. క్వాంటం విద్యుద్గతిశాస్త్రంపై ఆయన సంపాదకత్వంలో వెలువడిన బృహద్గ్రంథం 1990లో, అంటే పైన చెప్పిన సదస్సు జరిగిన ఏడాదిలోనే, సింగపూరులోని వరల్డ్ సైంటిఫిక్ సంస్థ నుంచి అచ్చయింది. 1981లో మొదలైన ఆ ప్రచురణ సంస్థ ఇటువంటి శాస్త్ర గ్రంథాలను లోకమంతటికీ పంపుతోంది. వెల్ట్‌మన్ సామాన్య పాఠకుల కోసం కణాలను గురించి రాసిన పుస్తకం కూడా 2003లో ఇక్కడి నుంచే వెలువడింది. రెండు చేతులా జీతం తెచ్చే వృత్తులకు మాత్రమే సింగపూరు ప్రసిద్ధమనుకునే తెలుగు కుటుంబాలు ఈ నగరపు ఈ ముఖాన్ని కూడా ఒకసారి చూడవలసి ఉంది.

నాలుగవ మెట్టు కోసం కినోషితా బృందం ఏళ్ళ తరబడి చేతితో ప్రోగ్రాములు రాసి లెక్కించింది. జవాబు -1.7283 అని వచ్చింది. ఆ తరువాత అయిదవ మెట్టుకు సిద్ధమవుతూ, 12,672 బొమ్మలకు చేతితో ప్రోగ్రాము రాయడం అసాధ్యం కనుక, ప్రోగ్రామును రాసే ప్రోగ్రామునే తయారుచేశారు. బొమ్మ వివరం ఇస్తే చాలు, లెక్కించే సూచనలన్నీ అదే రాసిపెడుతుంది. కొత్త సాధనాన్ని పరీక్షించడానికి దాన్ని నాలుగవ మెట్టు మీదికి తిప్పారు. 2007లో పాత లెక్కలో తప్పు బయటపడింది. సరైన జవాబు -1.9144. తేడా అల్పంగా కనిపించవచ్చు. కాని దాని వలన, ప్రకృతి మూలసంఖ్యలలో ఒకటైన సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం విలువనే సవరించవలసి వచ్చింది. తమ పాతికేళ్ళ కష్టంలోని తప్పును తామే పట్టి, తామే ప్రకటించిన ఆ బృందపు నిజాయితీని మెచ్చుకోక తప్పదు. 2012లో అయిదవ మెట్టు ఫలితం ప్రకటించారు.

యంత్రం వచ్చింది కనుక తప్పుల బెడద తీరిందని అనుకోవడానికి వీలులేదు. యంత్రం చేసే తప్పు మరో తరహాది. 2001 ఫిబ్రవరిలో న్యూయార్కు సమీపంలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల, ఎలక్ట్రానుకు అన్న వరుస అయిన మ్యూయాను అయస్కాంత బలాన్ని కొలిచి, సిద్ధాంతానికీ కొలతకూ మధ్య చెప్పుకోదగిన తేడా ఉన్నదని ప్రకటించింది. కొత్త కణాలు దొరకబోతున్నాయని కోలాహలం చెలరేగింది. ఆ ఏడాది చివర, మార్క్ నెక్ట్, ఆండ్రియాస్ నిఫెలర్ అనే ఇద్దరు సిద్ధాంతపు లెక్కలోని ఒక భాగాన్ని కొత్తగా లెక్కించి, దాని గుర్తు తారుమారైనదని చూపించారు. ఆ భాగాన్ని ముందుగా లెక్కించినవారిలో కినోషితా కూడా ఉన్నారు. ఆయన, సహచరుడు హయకావా తమ కాగితాలు తిరగవేసి చూడగా కారణం దొరికింది. వారు వాడిన ఫార్మ్ అనే ప్రోగ్రాము, ఒక ప్రత్యేక గణిత రాశిని గుణించేటప్పుడు పాటించే ఆనవాయితీ ఒకటి, వీరు అనుకున్నది మరొకటి. ప్రోగ్రాములో తప్పు లేదు. వాడినవారి భౌతికశాస్త్రంలోనూ తప్పు లేదు. ఇద్దరికీ మధ్య ఉన్న సన్నని సందులో తీసివేత గుర్తు జారిపోయింది. గుర్తు సరిదిద్దాక తేడా చాలావరకు తగ్గి, కోలాహలం చల్లబడింది.

ఈ ఉదంతం నుంచి కొందరు తీసే అర్థం, యంత్రాన్ని నమ్మరాదని. అది సరికాదు. ఆ తప్పును పట్టించినది వేరొక మార్గంలో చేసిన వేరొక లెక్క. అందువలన కావలసినది యంత్రం మీద అపనమ్మకం కాదు, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సాధనాలు. వాటి లోపలి మర్మం తెలిసిన మనుషులు ఉండడం అంతకంటె ముఖ్యం.

ఇక్కడే అసలు కష్టం ఉంది. పైన చెప్పిన ఫార్మ్ ప్రోగ్రామును హాలండులోని నిఖెఫ్ సంస్థలో యోస్ వెర్మాసెరన్ 1984లో మొదలుపెట్టి 1989లో విడుదల చేశారు. దాని ప్రత్యేకత సులభంగానే చెప్పవచ్చు. సాధారణ గణిత ప్రోగ్రాములు లెక్క మొత్తాన్నీ యంత్రపు జ్ఞాపకశక్తిలో ఒకేసారి నిలుపుకోవాలని చూస్తాయి. పంట మొత్తం ఇంట్లోకి చేర్చాకే కొలుస్తానన్నట్లుంటుంది ఆ పద్ధతి. ఫార్మ్ అయితే కళ్ళంలోనే కుంచంతో కొలుచుకుంటూ పోయే రైతువంటిది. ఒక్కొక్క పదాన్నే తీసుకుని, పని ముగించి, డిస్కు మీద వరుసపెట్టి పేర్చి, ఒకే రకం పదాలను కలుపుతుంది. అందువలన కోట్ల పదాల సమాసమైనా దానికి లెక్క కాదు. ప్రబల చర్య బలం శక్తిని బట్టి ఎలా మారుతుందో నాలుగు వలయాల మెట్టు దాకా 1997లో వెర్మాసెరన్, ఫాన్ రిట్‌బెర్గన్, లారిన్ లెక్కించినప్పుడు సుమారు 50,000 బొమ్మలు అవసరమయ్యాయి. అది ఫార్మ్ లేనిదే సాగే పని కాదు. 2017లో అదే లెక్క అయిదవ మెట్టుకు చేరింది.

సెర్న్‌లో నేడు ప్రోటాన్ల తాకిడులను సిద్ధాంతంతో పోల్చడానికి కావలసిన సూక్ష్మ గణనలలో ఫార్మ్ పాత్ర ఎంతో పెద్దది. చెన్నైలోని గణితశాస్త్రాల సంస్థలో, ప్రోటాన్ల తాకిడిలో హిగ్స్ కణం పుట్టే అవకాశాన్ని లెక్కించే పరిశోధకులకు అది నిత్యోపకరణం. ఆ సంస్థను 1962 జనవరిలో స్థాపించినవారు నెల్లూరు సీమలో మూలాలున్న తెలుగు కుటుంబానికి చెందిన అల్లాడి రామకృష్ణన్. రాజ్యాంగ రచనలో పాల్గొన్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి కుమారుడాయన. ఫైన్‌మన్ బొమ్మలు భారతదేశంలో కొత్తగా ఉన్న కాలంలోనే వాటిపై తన శిష్యులతో కలిసి పరిశోధన పత్రాలు రాశారు. ఆ రోజులలో వారి చేతిలో ఉన్నది కాగితం, కలం మాత్రమే.

ఇంతటి సాధనం ఎవరి మీద ఆధారపడి ఉన్నది? దశాబ్దాలపాటు ప్రధానంగా ఒక్క వెర్మాసెరన్ మీద, ఆయన చుట్టూ ఉన్న కొద్దిమంది మీద. ఆయన పదవీ విరమణ వయస్సు దాటారు. ఆ పనిలో సహకరించిన యువకులలో కొందరికి విశ్వవిద్యాలయాలలో స్థిరమైన ఉద్యోగాలు దొరకలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. నియామక సంఘం ముందు అభ్యర్థి పరిశోధన పత్రాల సంఖ్య పరచి చూస్తారు. ఇతరుల వంద పత్రాలకు ఆధారమైన ప్రోగ్రాములో దాగిన ఒక దోషాన్ని ఆరు నెలలు శ్రమించి తొలగించినవాడి ఖాతాలో చేరే పత్రాలు సున్న. ఇటీవల వేరువేరు దేశాలలోని కొందరు పరిశోధకులు ఫార్మ్ పోషణ బాధ్యతను పంచుకోవడానికి ముందుకు వచ్చారు. సంతోషమే. కాని అది వారి సౌజన్యం మీద నడుస్తోంది గాని, ఒక వ్యవస్థ మీద కాదు. వేల కోట్ల వ్యయంతో యంత్రాలు నిర్మించే లోకం, ఆ యంత్రాల ఫలితాలకు అర్థం చెప్పే ప్రోగ్రామును సౌజన్యానికి వదిలివేయడం విచిత్రమైన పొదుపు.

దీనికి ఒక ప్రతివాదన ఉంది. దానిని దాటవేయడం న్యాయం కాదు. యంత్రంతో బండలెక్కలు చేయడం మేధస్సును మొద్దుబారుస్తుందని, అసలైన శాస్త్రం అంతర్దృష్టిలో ఉన్నదని కొందరు పెద్దలు భావిస్తారు. వారు చూపే ఉదాహరణ కూడా బలమైనదే. రెండు గ్లూవాన్లు తాకి నాలుగు గ్లూవాన్లు పుట్టే చర్యకు 220 బొమ్మలు. 1980ల నడుమ స్టీఫెన్ పార్క్, టామ్ టేలర్ దాన్ని లెక్కించినప్పుడు జవాబు పుటలకు పుటలు నిండింది. 1986లో ఆ ఇద్దరే దాని సారాన్ని ఒకే పంక్తిలో ఇమిడే సూత్రంగా ఊహించారు. పుటల కొద్దీ బీజగణితం వెనుక అంత సరళత దాగి ఉన్నదని యంత్రం చెప్పలేదు, మనుషులు చెప్పారు. నిజమే. అయితే ఆ ఊహ సరైనదని ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? మునుపటి భారీ లెక్కతో సంఖ్యలను పోల్చి చూడడం నుంచి. అవధానికి పృచ్ఛకులెటువంటివారో, అంతర్దృష్టికి బండలెక్క అటువంటిది. పృచ్ఛకులు లేని సభలో అవధాని ఎంత ధారగా చెప్పినా అది అవధానం కాదు. సభ ముగిశాక శాలువా కప్పేది మాత్రం అవధానికే.

ఈ విషయం ప్రవాసాంధ్ర కుటుంబాలకు పరాయిది కాదు. 1990ల నుంచి సింగపూరుకు వచ్చిన తెలుగువారిలో గణనీయమైన భాగం కంప్యూటరు వృత్తిపైనే వచ్చారు. ఆ ఇళ్ళలో ప్రోగ్రాము రాయడం గౌరవం. ఉన్న ప్రోగ్రామును కాపాడుకుంటూ రావడం, ఉద్యోగ భాషలో సపోర్టు అనిపించుకునే పని, ఒక మెట్టు తక్కువ. పెళ్ళిచూపుల్లో సైతం ఆ తేడా అడిగి తెలుసుకునేవారున్నారు. విశ్వవిద్యాలయాల నియామక సంఘాలు పెట్టుకున్న కొలబద్ద కూడా ఇంచుమించు ఇదే. కొత్తది కట్టినవాడు ఘనుడు, కట్టినదాన్ని నిలిపినవాడు కూలివాడు. చెరువు తవ్వించిన రాజు శాసనం రాతి మీద ఉంటుంది. ఏటేటా పూడిక తీసి, తూము సరిచేసి, గండి పడకుండా రాత్రంతా కాపలా కాసిన నీరుకట్టు పేరు ఏ శాసనంలోనూ కనబడదు. చెరువు మాత్రం వాడి వల్లనే నిలిచింది.

అలాగే, ఇక్కడి పిల్లలలో భౌతికశాస్త్రం మీద మక్కువ ఉన్నవారికి ఇంట్లో తరచు ఎదురయ్యే ప్రశ్న, సైన్సా, కంప్యూటరా, ఏదో ఒకటి తేల్చుకో అన్నది. 1963లో వెల్ట్‌మన్‌ను గాని హెర్న్‌ను గాని ఈ ప్రశ్న అడిగి ఉంటే వారికి అర్థమయ్యేది కాదు. భౌతికశాస్త్రం తెలియనివాడు ఆ ప్రోగ్రాములు రాయలేడు. ప్రోగ్రాము రాయలేనివాడు ఆ భౌతికశాస్త్రం చేయలేడు. బీజగణిత ప్రోగ్రాములలో నేడు ఎక్కువమందికి తెలిసిన మ్యాథమెటికాను 1988లో వెలువరించిన స్టీఫెన్ వుల్ఫ్రమ్ కూడా కణ భౌతికశాస్త్రం నుంచి వచ్చినవారే.

కృత్రిమ మేధ అడిగిన ప్రోగ్రామును అడిగిన క్షణంలో రాసిపెడుతున్న ఈ కాలంలో ఈ చర్చ పాతబడిందని అనేవారూ ఉంటారు. పాతబడలేదు, పదునెక్కింది. రాయడం సులువైన కొద్దీ, రాసినది సరైనదో కాదో చెప్పగలవారి విలువ పెరుగుతుంది. దీనికి దూరపు ఉదాహరణ అక్కరలేదు, కినోషితా బృందపు అయిదవ మెట్టు కథే చాలు. ఆ 12,672 బొమ్మలలో అతి కఠినమైనవి 6,354. 2019లో సెర్గేయ్ వోల్కోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు, తానొక్కడే రూపొందించుకున్న వేరొక పద్ధతితో వాటిని మళ్ళీ లెక్కించారు. జవాబు జపాను బృందం జవాబుతో కలవలేదు. ఏది సరి అన్నది అయిదేళ్ళపాటు తేలలేదు. ప్రయోగంలోనా, ఎలక్ట్రాను అయస్కాంత బలం 2023 నాటికి సుమారు పదమూడు దశాంశ స్థానాల దాకా కొలవబడింది. ఇటు సిద్ధాంతం ఇంటిలోనే రెండు లెక్కలు. 2023 మార్చిలో తొంభై ఎనిమిదేళ్ళ వయస్సులో కినోషితా కన్నుమూశారు. ఆయన సహచరులు తమ పాత సమాకలనాలను వేరొక రూపంలో మళ్ళీ నిర్మించి, మళ్ళీ యంత్రాల మీదికి ఎక్కించారు. 2024 డిసెంబరులో సవరించిన ఫలితం వచ్చింది. అది వోల్కోవ్ లెక్కతో ఏకీభవించింది.

వోల్కోవ్ ఆ పనికి పూనుకోకపోతే పాత సంఖ్యే నేటికీ ప్రమాణంగా చెలామణి అయ్యేది. మరి ఫార్మ్ మూలపాఠం 2010 నుంచి అందరికీ తెరిచి ఉన్నది. సి భాష తెలిసి, బీజగణితంలో ఓపిక ఉన్న ఏ విద్యార్థి అయినా, సింగపూరులో ఇంటి దగ్గర కూర్చునే దాన్ని చదవవచ్చు. అందులో తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు. ఆ దిద్దుబాటు మరుసటి విడుదలలో చేరి, చెన్నైలోనో జెనీవాలోనో సాగుతున్న ఒక లెక్కలోకి చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోతుంది.